ఒంటరిగా ఓడ ఎక్కితే పలకరించేవారు ఉంటారా?

కోనసీమ నుంచి ఒక విశ్రాంత ఉపాధ్యాయిని రాశారు. పేరు, ఊరు బయటపెట్టవద్దన్నారు. జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో జీవశాస్త్రం చెప్పి, పదవీ విరమణ చేసి ఏడాది దాటింది. వచ్చే మే నెలలో భర్తతో కలిసి సియాటిల్‌లో ఉన్న కూతురి దగ్గరకు వెళుతున్నారు. అక్టోబరు దాకా అక్కడే. కూతురు, అల్లుడు ఇద్దరూ ఉద్యోగస్తులు, ఇంట్లో రెండేళ్ళ మనవడు. ఆ నెలల్లో ఒక్క వారం తనకోసం తీసుకోవాలని ఆమె ఆశ. సియాటిల్ రేవు నుంచి అలాస్కాకు వెళ్ళి వచ్చే ఏడు రాత్రుల క్రూయిజ్ ఎక్కాలి, తిమింగలాన్ని చూడాలి. "అది చేప కాదర్రా, క్షీరదం అని సర్వీసంతా చెప్పాను. నల్లబల్ల మీద బొమ్మ గీసి చూపించానే గాని నేను చూసింది లేదు" అని రాశారు.

భర్త రారు. గోదావరిలో లాంచీ ఎక్కినా ఆయనకు కడుపులో తిప్పుతుందట. ఈమె ఒక్కరే వెళ్ళే మాట ఎత్తితే పేపరులోంచి తల ఎత్తకుండా "నీ ఇష్టం" అన్నారు, మళ్ళీ ఆ ఊసు తీయలేదు. కూతురేమో "ఒక్కదానివే ఎందుకమ్మా, మేమూ వస్తాం" అంటోంది. ఈ సంగతి వియ్యపురాలి చెవిన పడితే ఆమె ఫోనులో "అన్నయ్యగారిని ఇంట్లో కూర్చోబెట్టి మీరొక్కరే ఓడ ఎక్కుతారా వదినగారూ?" అని నవ్వారట. ఖర్చు తన పింఛను డబ్బులోంచే. అయినా గదిలో ఒక్కరే ఉంటే ఇద్దరి టికెట్టు ధర కట్టాలని తెలిశాక మనసు వెనక్కి లాగుతోంది.

ఇవన్నీ రాసి, అసలు భయం చివర పెట్టారు. కొన్నేళ్ళ క్రితం ట్రావెల్స్ బస్సులో కాశీయాత్రకు ఒక్కరే వెళ్ళారు. "అందరూ జంటలు, అక్కచెల్లెళ్ళు. నా పక్క సీటులో దారి పొడుగునా ఎవరివో సంచులు పెట్టారు. భోజనాల దగ్గర ఎవరూ రమ్మనలేదు, నేనూ వెళ్ళలేదు. ఓడలో కూడా అదే జరిగితే మధ్యలో దిగి వచ్చే వీలు కూడా లేదు కదా? నాది పుస్తకాల ఇంగ్లీషు. అరవై దాటాక స్నేహితుల కోసం వెతుక్కోవడమంటే సిగ్గుగా ఉంది. వెళ్ళమంటారా, మానమంటారా?" అని ముగించారు.

టీచరు గారూ, ఆ చివరి ప్రశ్నకు నేను జవాబివ్వను. మీ వారం మీది. కాని మీరు ఒక్క ప్రశ్నగా రాసిన దాంట్లో మూడు సంగతులు కలిసిపోయి ఉన్నాయి: ఇంట్లోవాళ్ళ మాట, డబ్బు, పక్కన మనిషి లేకపోవడం. ఓడ మీద పలకరించేవారు దొరుకుతారని ఎవరైనా హామీ ఇస్తే మీవారి మౌనం కూడా సర్దుకుంటుందని మీరు అనుకుంటున్నట్టుంది. సర్దుకోదు. ఆయన నవ్వుతూ ఒప్పుకున్నంత మాత్రాన భోజనాల బల్ల దగ్గర మీ పక్క కుర్చీ నిండదు కూడా. అందుకని వీటిని విడదీస్తాను. సిగ్గుపడుతూ రాసిన దానితోనే మొదలుపెడదాం, మీ ఉత్తరంలో బరువంతా దాని మీదే ఉంది కాబట్టి.

కాశీ బస్సులో జరిగిన దానికి మీ స్వభావాన్ని నిందించుకున్నారు. ఆ బస్సు ఎలాంటిదో ఒకసారి చూడండి. ఎక్కేటప్పటికే జట్లు తయారై ఉన్నాయి. సీటు నంబరు మారదు. ముందు సీటువాళ్ళ వీపు తప్ప ఎదురుగా మనిషి ముఖం కనిపించదు. దిగిన చోటల్లా పరుగు. అందులో కొత్త స్నేహం కుదిరితేనే ఆశ్చర్యం. పైగా పక్క సీటులో సంచులు పెట్టిన మొదటి రోజే "ఇవి పైన పెట్టుకోండమ్మా" అని మీరు అనలేదు. తప్పు పట్టడం లేదు. మర్యాదకు పోయి ఊరుకుని ఉంటారు. ఓడ మీద మాత్రం ఆ మర్యాద కొంచెం తగ్గించుకోవాలి.

ఇన్నేళ్ళ ఉద్యోగంలో మీకు స్నేహితురాళ్ళు ఎలా దొరికారు? ఎవరి దగ్గరకూ వెళ్ళి "నాతో స్నేహం చేస్తారా" అని అడిగి ఉండరు. స్టాఫ్ రూములో రోజూ అదే బెంచీ, అదే గంట, అవే క్యారియర్లు. మొదటి నెల ఉప్పు చాలిందా అన్న మాట, ఆరో నెల ఆడబిడ్డ సంగతి. స్నేహానికి కావలసింది మాటకారితనం అని చాలామంది అనుకుంటారు. నాకు తెలిసినంతలో కావలసింది ఒకే చోట, ఒకే వేళకు, మళ్ళీ మళ్ళీ కనిపించడం. ఏడు రాత్రుల నౌకలో ఆ ఏర్పాటు మనం చేసుకోవచ్చు. రెండు మూడు రాత్రుల నౌకలో సమయం చాలదు. మీరు ఏడు రాత్రులది ఎంచుకోవడం మంచిదే అయింది.

మొదటిది రాత్రి భోజనం. చాలా కంపెనీలు రెండు పద్ధతులు పెడతాయి. ఒకటి, ఇష్టమైన వేళకు వెళ్ళి ఖాళీ బల్ల దగ్గర కూర్చోవడం. రెండోది, రోజూ ఒకే వేళకు, ఒకే బల్ల దగ్గర, అదే మనుషులతో, అదే వడ్డించే అబ్బాయితో. మొదటిది స్వేచ్ఛగా ఉంటుంది, మీకు మాత్రం అది కాశీ బస్సు అయ్యే ప్రమాదం ఉంది. టికెట్టు కొనేటప్పుడే రెండోది అడగండి. "ఆరుగురు, ఎనిమిదిమంది కూర్చునే పెద్ద బల్ల, ఇతరులతో కలిపి" అని విడిగా రాయించండి. అడగకపోతే ఒంటరివారికి చిన్న బల్ల చూపించేస్తారు, అది వాళ్ళ దృష్టిలో మర్యాద. చిన్న బల్ల దగ్గర ఇద్దరే ఉంటే, ఆ రెండోవారు ముభావులైతే, వారమంతా శిక్ష. పెద్ద బల్లలో ఎవరో ఒకరు మాటల మనిషి ఉంటారు. కుదరలేదనిపిస్తే రెండో రోజు పొద్దున్నే భోజనాల హాలు పెద్దను కలిసి బల్ల మార్చమనండి. అది వాళ్ళకు రోజూ ఉండే పనే, ఎవరూ నొచ్చుకోరు. మూడో రాత్రి దాకా ఆగితే మాత్రం మీకే మొహమాటం అడ్డొస్తుంది.

రెండోది మీ సబ్జెక్టు. అలాస్కా నౌకల్లో చాలావాటిలో ప్రకృతి శాస్త్రం తెలిసినవారు ఉపన్యాసాలు ఇస్తారు: తిమింగలాలు, హిమానీనదాలు, సాల్మన్ చేపలు. గ్లేసియర్ బే నేషనల్ పార్కులోకి వెళ్ళే నౌక అయితే పార్కు రేంజర్లే చిన్న పడవలో వచ్చి ఓడ ఎక్కి, ఆ రోజంతా మైకులో వివరిస్తారు. ఆ పార్కులోకి రోజుకు రెండు పెద్ద క్రూయిజ్ నౌకలనే అనుమతిస్తారు, కాబట్టి ఆ దారి కావాలంటే టికెట్టు కొనేముందే చూసుకోవాలి. ఈ ఉపన్యాసాలకు వచ్చేవారు రోజూ దాదాపు అవే ముఖాలు, ముందు వరుసలో నోటు పుస్తకం పట్టుకుని. వాళ్ళలో విశ్రాంత టీచర్లు తప్పకుండా ఉంటారు. ఏ దేశంలోనైనా ముందు వరుసలో కూర్చునేది వాళ్ళే. హంప్‌బ్యాక్ తిమింగలాలు శీతాకాలంలో హవాయి వైపు వెచ్చని నీళ్ళలో పిల్లల్ని కని, వేసవిలో మేత కోసం అలాస్కాకు ఈదుకుంటూ రావడం, అక్కడ కొన్ని కలిసి బుడగల వల అల్లి చేపల గుంపును చుట్టుముట్టడం... ఇవి మాట్లాడటానికి మీకు పుస్తకాల ఇంగ్లీషే సరిపోతుంది. నిజానికి అక్కడ కావలసింది ఆ ఇంగ్లీషే.

అలాస్కాలోని జూనో రేవులో ఓడ ఆగినప్పుడు ఆ ఊరి ఆక్ బే నుంచి చిన్న పడవల్లో తిమింగలాలను చూపించడానికి తీసుకువెళతారు. పెద్ద ఓడ డెక్ మీద నుంచి దూరాన ఒక ఊపిరి ఫౌంటెన్ కనిపిస్తే అదృష్టం. ఈ పడవల్లో దగ్గరగా చూసే అవకాశం ఎక్కువ. అందుకని ఖర్చు ఎక్కడైనా తగ్గించండి గాని దీన్ని మానకండి. స్నేహం దృష్టితో చూసినా ఇది మంచి చోటు. తోక పైకి లేచినప్పుడు పక్కవారు ఎవరైనా సరే భుజం పట్టుకుని చూపిస్తారు. పరిచయాలు తరువాత చేసుకోవచ్చు.

చాలా నౌకల్లో ఒంటరి ప్రయాణికులు కలుసుకోవడానికి విడిగా ఒక గంట పెడతారు, సాధారణంగా మొదటి రోజో రెండో రోజో. గదికి వచ్చే రోజువారీ కార్యక్రమాల కాగితంలోనో ఫోను యాప్‌లోనో చిన్న అక్షరాల్లో ఉంటుంది. అక్కడికి వెళ్ళడం మీకు ఎబ్బెట్టుగా తోచవచ్చు. వెళ్ళండి. అందులో వితంతువులు, విడాకులైనవారు, పెళ్ళి చేసుకోనివారు మాత్రమే ఉంటారని అనుకోకండి; మీలాగే, ఇంట్లో ఓడ పడని భర్తను వదిలి వచ్చినవారూ కనిపిస్తారు. అయితే ఒక జాగ్రత్త. మొదటి రోజు దొరికిన మొదటి మనిషికే మీ వేళలన్నీ ఇచ్చేయకండి. ఒంటరితనం భయం ఉన్నప్పుడు మనం చేసేది సరిగ్గా అదే. మూడో రోజుకు ఆవిడ అల్లుడి మీద ఫిర్యాదులు తప్ప మాట్లాడదని తెలుస్తుంది, అప్పటికి టిఫిను నుంచి రాత్రి ప్రదర్శన దాకా అన్నిటికీ "మనం కలిసి" అనేసి ఉంటారు. ఉపన్యాసానికి ఒకరు, నడకకు ఒకరు, భోజనానికి బల్లవాళ్ళు అని విడివిడిగా ఉంచుకుంటే ఎవరూ బరువు కారు. "ఈ పూట గదిలో చదువుకుంటాను" అన్న మాట అక్కడ తప్పుగా తీసుకోరు.

ఏ నౌక అన్నది కూడా దీని మీదే ఆధారపడుతుంది. సియాటిల్ నుంచి వెళ్ళే నౌకల్లో నాలుగు వేల మంది పట్టేవి ఉన్నాయి, రెండు వేల మందివీ ఉన్నాయి. పెద్దవాటిలో ఆటలు, ప్రదర్శనలు, పిల్లల సందడి ఎక్కువ. నిన్న నవ్విన మనిషి మళ్ళీ కనిపించకపోవచ్చు. మధ్యరకం వాటిలో, ముఖ్యంగా వయసు మళ్ళినవారు ఎక్కువగా ఎక్కే కంపెనీల్లో, రెండో రోజుకే లిఫ్టులో గుర్తుపట్టి పలకరిస్తారు. కాని పెద్దవాటికి మీ విషయంలో ఒక అనుకూలత ఉంది. నార్వీజియన్ అనే క్రూయిజ్ కంపెనీ 2010లో ఎపిక్ అనే నౌకలో ఒక్కరికే సరిపోయే చిన్న గదులు, ఆ గదుల్లో ఉండేవారికి మాత్రమే ఒక కూర్చునే హాలు పెట్టింది. అలాంటి ఏర్పాటున్న వాళ్ళ పెద్ద నౌకలు సియాటిల్ నుంచి కూడా నడిచాయి. ఆ హాలులో పొద్దున కాఫీకి కూర్చుంటే అందరూ ఒంటరిగా వచ్చినవారే. గది మాత్రం సుమారు వంద చదరపు అడుగులు, చాలావాటికి సముద్రం వైపు కిటికీ ఉండదు. ఇవి తక్కువ సంఖ్యలో ఉంటాయి, త్వరగా అయిపోతాయి.

ఇక డబ్బు. క్రూయిజ్ ధరలు గదిలో ఇద్దరు ఉంటారన్న లెక్కన తలకు ఇంత అని చెబుతారు. ఒక్కరే ఉంటే రెండో మనిషి వాటాలో కొంతో, మొత్తమో మీ మీద వేస్తారు. అయితే రేవు పన్నులు, టిప్పులు ఒకరివే పడతాయి కాబట్టి చివరి బిల్లు సరిగ్గా రెట్టింపు కాదు. టిప్పులను పెద్ద కంపెనీలు రోజుకు సుమారు 16 నుంచి 20 డాలర్ల దాకా మీ ఖాతాలో వాటంతటవే వేసుకుంటాయి. అది ముందే కలుపుకోండి. మే, సెప్టెంబరు నెలల్లో ధరలు తగ్గుతాయి, అమెరికాలో బడులు నడిచే రోజులు కాబట్టి పెద్దవయసువారు ఎక్కువగా కనిపిస్తారు. సెప్టెంబరులో చలి, వాన ఎక్కువ, తిమింగలాలు మాత్రం ఇంకా ఉంటాయి. మే నెల మీకు ప్రయాణ బడలికతోనే సరిపోతుంది. సెప్టెంబరు మొదటి వారాలు చూడండి.

ఖర్చు సగం చేసుకోవడానికి తోడు ఎవరినైనా తెచ్చుకోవడం మరో దారి. సియాటిల్ చుట్టుపక్కల తెలుగువారు చాలామందే ఉన్నారు, పిల్లల దగ్గరకు వచ్చిన మీ ఈడు అమ్మలు పార్కులో కనిపిస్తూనే ఉంటారు. వారిలో ఒకరితో జత కుదిరితే డబ్బు మిగులుతుంది, ఇంట్లో మాటలూ తగ్గుతాయి. కాని ఏడు రోజులు తెలుగులోనే గడుస్తుంది, కొత్త మనుషులు దగ్గరకు రావడం తగ్గుతుంది. ఒకే గదిలో ఇద్దరికీ నిద్రవేళలు కలవకపోతే ఆ మిగిలిన డబ్బు కనిపించదు. ముందు ఆమెతో రెండు రోజుల బస్సు ప్రయాణమో మరోటో చేసి చూస్తే గాని గది పంచుకోకండి.

కూతురి కుటుంబంతో కలిసి వెళ్ళడం గురించి నిర్మొహమాటంగా చెబుతాను. అది మంచి ప్రయాణమే కావచ్చు, కాని అది మీరు ఉత్తరంలో అడిగిన ప్రయాణం కాదు. ఓడలో పిల్లల్ని చూసుకునే క్లబ్బులు ఉంటాయి గాని చాలావాటిలో మూడేళ్ళు నిండాలి, బట్టలు తడుపుకోని వయసు కావాలి. మీ మనవడికి రెండేళ్ళు. అంటే కూతురూ అల్లుడూ ప్రదర్శనకు వెళ్ళిన వేళ గదిలో ఉండేది ఎవరో మీకూ నాకూ తెలుసు. అమ్మాయి ప్రేమతోనే అంటోంది. "వచ్చే ఏడు అందరం వెళదాం, ఈసారి నన్ను పోనివ్వు" అని చెప్పి చూడండి. అదే సమయంలో ఆమె వైపు నుంచీ ఒక లెక్క ఉంది. మీరున్నారన్న ధైర్యంతో డే కేర్ మాన్పించి ఉంటే, మీరు లేని ఆ వారం ఆఫీసు పని ఎలా జరగాలి? తేదీలు మీరు ఎంచుకుని చెప్పడం కన్నా, "నీకు సెలవు దొరికే వారం ఏది?" అని ఆమెనే అడిగి ఆ వారానికి టికెట్టు కొనడం న్యాయం.

మీవారి దగ్గరకు వద్దాం. ఆయన తల ఎత్తకపోవడాన్ని మీరు కోపం అనుకున్నారు. కావచ్చు. నాకు వేరే అనుమానం ఉంది. మీరు లేని వారం ఆయన ఉండేది కోనసీమలో సొంత ఇంట్లో కాదు, పరాయి దేశంలో అల్లుడి ఇంట్లో. రెండో కప్పు కాఫీ ఎవరిని అడగాలి? టీవీ రిమోట్ పని చేయకపోతే అల్లుడిని పిలవడానికి మొహమాటం. మధ్యాహ్నం అందరూ ఆఫీసు గదుల్లో ఉంటే మాట్లాడే మనిషి లేడు. ఈ తరం మగవాళ్ళు ఇవి నోటితో చెప్పరు. అందుకని "వెళ్ళమంటారా?" అని మళ్ళీ అడగకండి, మళ్ళీ అదే జవాబు వస్తుంది. "నేను వెళ్ళిన వారం మీకు ఇబ్బంది ఏమిటి?" అని అడగండి. మాత్రలు, భోజనం, కాఫీ అన్న మాటలు వస్తే పని సులువు. కూతురితో కూర్చుని ఏర్పాట్లు చేయవచ్చు. అలా కాక, నిజంగానే మీరు ఒక్కరే వెళ్ళడం ఇష్టం లేదని తేలితే మీ ముందు రెండు దారులు. ఆయన మనసుకు విరుద్ధంగా వెళితే తిరిగి వచ్చాక కొన్నాళ్ళ ముభావం భరించాలి, అది భరించగలరో లేదో మీకే తెలుసు. మానేస్తే, సంతోషంగా మానగలరా, లేక అక్టోబరులో విమానం ఎక్కేటప్పటికి ఆయన మీద కినుక మిగులుతుందా? మీ ఉత్తరం చదివితే నాకు రెండోదే కనిపిస్తోంది. నేను పొరబడి ఉండవచ్చు.

వియ్యపురాలి నవ్వుకు మాత్రం ఇంత స్థలం అక్కర్లేదు. అలాస్కా నుంచి ఆమెకు ఒక ఫోటో పంపండి. బహుశా వచ్చే ఏడాది ఏ కంపెనీ మంచిదని మిమ్మల్నే అడుగుతారు.

ఆమె ప్రశ్న మాత్రం ఓడ మీదా ఎదురవుతుంది. అమెరికన్లు "మొదటి క్రూయిజా? ఏ ఊరు?" అని మొదలుపెడతారు, మీవారి గురించి అడిగినా జవాబు విని వదిలేస్తారు. సియాటిల్ నుంచి బయలుదేరే ఓడ కాబట్టి తెలుగు కుటుంబాలు తారసపడవచ్చు. "మీవారు రాలేదా ఆంటీ?" అని వాళ్ళు అడగకుండా ఉండరు. ఒక వాక్యం సిద్ధంగా పెట్టుకోండి: "ఆయనకు నీళ్ళు పడవు, నాకు ఇష్టం." సంజాయిషీ లేకుండా అక్కడ ఆపి, "మీరు జూనోలో ఏం చూస్తున్నారు?" అని తిప్పేయండి. వాళ్ళు మిమ్మల్ని తమ బల్లకు పిలిస్తే ఒకపూట వెళ్ళండి. రోజూ వెళితే రెండు రోజుల్లో వాళ్ళ పిల్లలకు మీరు అమ్మమ్మ అయిపోతారు.

శాకాహారులమని కూడా రాశారు. మొదటి రాత్రే హాలు పెద్దతో చెప్పి, మరునాటికి భారతీయ శాకాహారం కావాలని అడగండి. నౌకల వంటశాలల్లో, వడ్డనలో మనవాళ్ళు, ముఖ్యంగా గోవా, కేరళ, ముంబై వైపువారు చాలామంది పని చేస్తారు. ముందురోజు చెబితే పప్పో కూరో చేసి పెడతారు. కరెంటు కెటిల్, చిన్న రైస్ కుక్కర్ పెట్టెలో పెట్టుకోకండి. వేడి చేసే సామాను నిప్పు ప్రమాదమని తీసుకుని చివరి రోజు ఇస్తారు. ఇంట్లో చేసిన పొడులు, పచ్చళ్ళు కూడా చాలా కంపెనీలు ఒప్పుకోవు, సీలు వేసిన ప్యాకెట్లే నయం.

కొన్ని జాగ్రత్తలు. గది నంబరు కొత్తవారికి చెప్పకండి, కలవాలంటే కాఫీ హాలే చాలు. ఓడలో కొన్నవన్నీ మీ కార్డు మీద ఖాతా రాస్తారు కాబట్టి ఎవరికోసమూ దాన్ని వాడకండి. ఎంత మంచివారైనా అప్పు, పెట్టుబడి మాట ఎత్తితే ఆ పూటే లేచి రండి. బయలుదేరే రోజు, ప్రమాదం వస్తే ఏం చేయాలో చూపించే డ్రిల్ ఉంటుంది. అప్పుడు మీరు చేరవలసిన చోటు ఏదో స్వయంగా వెళ్ళి చూసుకోండి. 2012లో ఇటలీ తీరంలో కోస్టా కాంకోర్డియా అనే క్రూయిజ్ నౌక ఒరిగిపోయి 32 మంది చనిపోయాక ఈ నిబంధనను బిగించారు. ఇప్పుడు ఓడ కదలక ముందో, కదిలిన వెంటనేనో అది జరిగి తీరాలి. రేవుల్లో దిగినప్పుడు ఓడ గడియారాన్ని నమ్మండి, ఊరి గడియారాన్ని కాదు.

అన్నిటికన్నా ముందు చేయవలసింది వీసా పని, మీరు దాని ఊసే ఎత్తలేదు. అమెరికాలో 1886 నుంచి ఒక చట్టం ఉంది. విదేశీ జెండా ఉన్న నౌక అమెరికా రేవులో ఎక్కించుకుని తిరిగి అమెరికా రేవులో దింపాలంటే దారిలో విదేశీ రేవును తాకాలి. అందుకే సియాటిల్ నుంచి అలాస్కా వెళ్ళి వచ్చే నౌకలు కెనడాలోని విక్టోరియా దగ్గర, తరచు రాత్రిపూట, కొన్ని గంటలు ఆగుతాయి. భారత పాస్‌పోర్టు మీద మీకు కెనడా సందర్శక వీసా కావాలి. అది లేకపోతే సియాటిల్‌లోనే ఎక్కనివ్వరు. అమెరికా వీసా కూడా ఒకటికన్నా ఎక్కువసార్లు ప్రవేశించడానికి వీలున్నదో చూసుకోండి. కెనడా వీసాకు వారాలు పట్టవచ్చు, నెలలూ పట్టవచ్చు. ఇప్పుడే దరఖాస్తు పెట్టండి. వీసా చేతికి రాకముందు వెనక్కి రాని డబ్బు కట్టకండి. చాలా కంపెనీలు మొదట అడ్వాన్సు తీసుకుని మిగతాది రెండు మూడు నెలల ముందు అడుగుతాయి.

కూతురు మీకు తీసుకునే ఆరోగ్య బీమా ఓడలోనూ, ఓడ నుంచి ఆసుపత్రికి తరలించాల్సి వస్తేనూ వర్తిస్తుందా అని అడిగించండి. ఓడ డాక్టరు ఫీజు తేలికగా ఉండదు. బీపీ, షుగరు మాత్రలు చేతిసంచిలోనే ఉండాలి, పెద్ద పెట్టె గదికి చేరేటప్పటికి సాయంత్రం అవుతుంది. సియాటిల్ నుంచి వెళ్ళే నౌకలు సాధారణంగా వాంకూవర్ దీవికి పడమరగా, బయటి సముద్రం మీదుగా వెళతాయి, కాబట్టి మొదటి రోజు ఊగవచ్చు. కింది అంతస్తులో, నౌక మధ్య భాగంలో ఉన్న గది అడగండి. ఫోనును విమానం మోడ్‌లో పెట్టేయండి. లేకపోతే సముద్రం మీది నెట్‌వర్కు బిల్లు చూసి మీవారు ఈసారి పేపరులోంచి తప్పకుండా తల ఎత్తుతారు.

ఇదంతా ఒకేసారి మోయలేననిపిస్తే చిన్నవీ ఉన్నాయి. ముంబై నుంచి 2021లో మొదలైన కార్డీలియా లాంటి మన దేశపు క్రూయిజ్‌కు, దేశంలోని రేవులకే అయితే వీసా గొడవ లేదు, ఓడ జీవితం ఎలా ఉంటుందో తెలుస్తుంది. కాని చాలావరకు రెండు మూడు రాత్రులవే, ఎక్కేది ఎక్కువగా కుటుంబాలు, కంపెనీ జట్లు. మీ కాశీ బస్సు జ్ఞాపకం మళ్ళీ లేవవచ్చు. సియాటిల్ చేరాక శాన్ హువాన్ దీవుల వైపు ఒక్కరోజు పడవల్లో తిమింగలాల కోసం వెళ్ళిరావడం ఇంకోటి. అక్కడ పేరుపొందినవి ఓర్కాలు. అవి డాల్ఫిన్ కుటుంబానివి కదా అని మీరే నాకు పాఠం చెబుతారు. హంప్‌బ్యాక్‌లు కూడా అప్పుడప్పుడు కనిపిస్తాయి. ఈ ఒక్కరోజు ప్రయాణాన్ని జూన్‌లో ఒంటరిగా చేసి చూస్తే, పరాయి మనుషుల మధ్య మీకు ఎలా ఉంటుందో ఊహతో పని లేకుండా తెలుస్తుంది. సెప్టెంబరు టికెట్టుకు మిగతా డబ్బు ఆ తరువాత కట్టవచ్చో లేదో కంపెనీ గడువు చూసి నిర్ణయించుకోండి.

ఉత్తరం అంచున పెన్సిలుతో ఇంకొకటి అడిగారు: చీర కట్టుకోవచ్చా అని. నిక్షేపంగా. చాలా నౌకల్లో ఒకటి రెండు రాత్రులు అందరూ బాగా తయారై భోజనానికి వస్తారు, ఆ రోజుకు ఒక పట్టుచీర పెట్టుకోండి. మీరు నోరు తెరవకుండానే నలుగురు వచ్చి మాట్లాడతారు. డెక్ మీదికి, తిమింగలాల పడవకు మాత్రం చీర వద్దు. వేసవిలో కూడా అక్కడ గాలి చల్లగా కొడుతుంది, వాన ఎప్పుడు పడుతుందో తెలియదు. సల్వారో ప్యాంటో, లోపల ఒక ఉన్ని బనియను, పైన టోపీ ఉన్న వానకోటు, జారని అట్ట ఉన్న బూట్లు. బూట్లు ఇక్కడే కొని, వెళ్ళేలోగా రోజూ నడిచి అలవాటు చేసుకోండి.